స్కూటర్‌కి ఆకలేసిందట

పోయిన నెల ఓ పొద్దున్న స్కూటర్ స్టార్ట్ చేస్తే గలగలమని చప్పుడొచ్చింది, డబ్బాలో జీడిపిక్కలు పోసి ఆడించినట్టు. ఆఫీసుకి టైమైపోతోంది కదా అని అలాగే గలగలలాడించుకుంటూ రింగురోడ్డు దాకా వెళ్ళాను, దారిలో ఇద్దరు ముగ్గురు తల తిప్పి మరీ చూశారు. మెకానిక్ షెడ్డులో కుర్రాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, సైలెన్సర్ మీద పానాతో రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విని, ‘సార్, లోపల రాళ్ళున్నాయండి’ అన్నాడు. రాళ్ళేంటయ్యా అన్నాను. అతను మాట్లాడకుండా సైలెన్సర్ విప్పి, కింద పాత పేపరు పరిచి, దాని మీద బోర్లించి దులిపాడు. పద్నాలుగు పిక్కరాళ్ళు. మా పక్కింటివాళ్ళు శ్లాబ్ కోసం రోడ్డు మీద పోయించుకున్న గుట్టలోవి. చూడగానే గుర్తుపట్టాను.

సాయంత్రం ఇంటికెళ్ళి మావాడిని పిలిచాను. ఈ మధ్యే ఐదేళ్ళు నిండాయి, అబద్ధమాడటం ఇంకా సరిగ్గా రాలేదు. ‘నేనే పెట్టాను’ అన్నాడు వెంటనే. ఎందుకురా అంటే, ‘దానికి ఆకలేసింది నాన్నా. నువ్వు ఒట్టి నీళ్ళే పోస్తావు’ అన్నాడు. నీళ్ళంటే పెట్రోలు. లీటరు ఎంతో వాడికి తెలీదు కాబట్టి నీళ్ళే.

ఇదంతా డైనోట్రక్స్ మహిమ. పిల్లలున్న ఇళ్ళల్లో కొందరికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళకి చెప్తాను. క్రిస్ గాల్ అనే అమెరికా ఆయన 2009లో ఒక బొమ్మల పుస్తకం తెచ్చాడు, దాని ఆధారంగా డ్రీమ్‌వర్క్స్ వాళ్ళు యానిమేషన్ సిరీస్ తీశారు, 2015 ఆగస్టు 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మనుషులు పుట్టకముందు ఎప్పుడో మెకజోయిక్ అనే యుగం ఉండేదట, మనం బళ్ళో చదువుకున్న మెసోజోయిక్‌ని కాస్త మెలితిప్పి పెట్టిన పేరన్నమాట. ఆ కాలంలో తిరిగే జీవాలన్నీ సగం రాక్షసబల్లి, సగం బండి. టి-రెక్స్‌నీ ప్రొక్లైన్‌నీ కలిపితే హీరో, వాడి పేరు టై రక్స్. పొడుగు మెడ బ్రాకియోసారస్‌నీ క్రేన్‌నీ కలిపితే స్కైయా. మూడు కొమ్ముల ట్రైసెరాటాప్స్, బుల్డోజర్ కలిస్తే డోజర్. ఒళ్ళంతా కవచమున్న ఆంకిలోసారస్ వీపున డంపర్ తొట్టి పెడితే టన్‌టన్. విలన్ డీస్ట్రక్ట్స్ కూడా హీరో జాతివాడే, ఎవరితోనూ కలవడు, మొత్తం లోయ నాదే అంటాడు. వీళ్ళందరూ తినేది ముడిఖనిజం, అంటే మా వాడి లెక్కలో రాళ్ళు. నా సైలెన్సర్‌లోకి పిక్క ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమైందిగా.

నేను మొదట్లో దీన్ని పట్టించుకోలేదు. అన్నం తినేటప్పుడు ఏదో ఒకటి ఆడుతుంటే చాలు, మా ఆవిడ ముద్ద పెడుతుంది, వాడు నోరు తెరుస్తాడు, అంతవరకే నాకు కావలసింది. (స్క్రీన్ టైమ్ గురించి కామెంట్లలో క్లాసు పీకేవాళ్ళకి ముందే దండం. మీ ఇంట్లో ఐదేళ్ళవాడికి కాకరకాయ కూర తినిపించి చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం.) కానీ వాడి పక్కన కూర్చుని పది పన్నెండు ఎపిసోడ్లు చూశాక నాకు టై రక్స్ కన్నా ఆ చిన్న బల్లులు నచ్చాయి. రెప్‌టూల్స్ అంటారు వాటిని. ఒకటి డ్రిల్లు, ఒకటి పానా, ఒకటి కొలత టేపు. అరచేతిలో పట్టే పనిముట్లకి కాళ్ళూ కళ్ళూ వస్తే ఎలా ఉంటాయో అలా ఉంటాయి. వాటి నాయకుడు రెవిట్, ఊసరవెల్లిలాంటి డ్రిల్లు మెషీను. కథ మొదలయ్యేసరికి పెద్ద జీవాలకీ ఈ చిన్నవాటికీ పడదు, పెద్దవాళ్ళు చూడకుండా తొక్కేస్తారని చిన్నవాళ్ళ భయం. టై వచ్చి బేరం పెడతాడు. మేం మీకు కాపలా కాస్తాం, మీరు మమ్మల్ని బాగుచెయ్యండి అని. తర్వాత అందరూ కలిసి కట్టుకునేదేమిటంటే కోట కాదు, గుడి కాదు, గ్యారేజీ. ఈ ఒక్క సంగతికి ఆ రాసినవాళ్ళకి చెయ్యెత్తి మొక్కాలనిపించింది. చిన్నపిల్లల కథల్లో ఎంతమంది హీరోలు గెలిచాక వెళ్ళి నట్లు బిగించుకుంటారు చెప్పండి.

అలాగని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కొన్ని ఎపిసోడ్లయ్యాక అంతా ఒకటే వరస: ఏదో విరుగుతుంది, ఒకడు ప్లాన్ చెప్తాడు, అందరూ కలిసి ఏదో కడతారు, డీస్ట్రక్ట్స్ తన్నులు తిని పోతాడు, మళ్ళీ వస్తాడు. ఆడవాళ్ళ లెక్క చూస్తే పెద్దవాళ్ళ గుంపులో స్కైయా ఒక్కతే. పైగా ఈ మోడల్‌లో ఎన్ని జీవాలుంటే అన్ని బొమ్మలు అమ్ముకోవచ్చన్న లెక్క కూడా కనపడుతూనే ఉంటుంది. మా ఇంట్లో అయితే ఒక్కటే కొన్నాం, ఆన్‌లైన్‌లో. పెట్టె విప్పితే ఒక పక్క చక్రాలు లేవు. వాపసు పంపుదామంటే వీడు ఇవ్వలేదు, దెబ్బ తగిలినోణ్ణి పంపించేస్తారా అని ఏడుపు. సీసా మూతలు రెండు ఫెవిక్విక్‌తో అంటిస్తే ఇప్పుడు బానే కుంటుతోంది.

వేసవి సెలవులకి మా ఊరెళ్ళాం. మాది ఉద్దానం, కవిటి దగ్గర. అక్కడ మా అమ్మ వీడి వెనక కూర్చుని కాసేపు ఫోన్‌లోకి తొంగి చూసి, ‘ఏట్రా బావూ అది, బల్లికి సక్రాలేటి?’ అంది. వాడు వివరంగా చెప్పాడు, ఇది ఫలానా, అది ఫలానా అని. ఆవిడకి పెద్ద వింతగా ఏమీ అనిపించలేదు. ‘అవున్లే, అంత బొజ్జేసుకుని వినాయకుడు ఎలక మీద తిరగనేదేటి’ అని లేచి పనిలో పడిపోయింది. పోతూ పోతూ, ‘మన తోటల్లోకి వస్తన్న ఎలుగ్గొడ్డుకి సక్రాలు నేవు, అదే నయం’ అని ఇంకోటి వేసింది. ఉద్దానంలో జీడితోటకి వెళ్ళాలంటే ఇప్పుడు ఒంటరిగా ఎవరూ వెళ్ళట్లేదు, ఎలుగుబంట్ల భయం. ఆ మాట విన్న దగ్గర్నించీ మావాడు ఎలుగుబంటికి ఏ చక్రాలు బాగుంటాయో ఆలోచిస్తూ కూర్చున్నాడు. ట్రాక్టరు చక్రాలట, వెనకవి.

మా అమ్మ అన్నది ఊరికే అనుకున్నాను కానీ తర్వాత మనసులో తిరుగుతూనే ఉంది. మన భాషలో నెమలీ వాహనమే, ఎలుకా వాహనమే, ఆర్టీవో ఆఫీసులో రాసుకునేదీ వాహనమే. ఒకటే మాట. గుళ్ళో గజవాహనం, హంసవాహనం అంటూ చెక్క జంతువులని బోయీల భుజాల మీద ఊరేగించే ఊళ్ళలో పెరిగినవాళ్ళం, అరసవల్లి వెళ్తే ఏడు గుర్రాల రథం మీద వచ్చే దేవుడికి దండం పెట్టుకునేవాళ్ళం. ఇంజనుకి ఎంత బలముందో చెప్పాలన్నా అశ్వశక్తే. అమెరికావాళ్ళు కూర్చుని కష్టపడి కలిపిన రెండిటినీ మనం అసలు విడదీయలేదేమో.

అయినా వాళ్ళ దగ్గరా ఉంది ఇది. క్రేన్ అంటే ఇంగ్లీషులో కొంగ జాతి పిట్ట పేరే, పొడుగు మెడ చూసి యంత్రానికి పెట్టారు. గొంగళిపురుగు పాకినట్టు చైన్ల మీద పాకుతుందని ట్రాక్టర్‌కి క్యాటర్‌పిల్లర్ అని పేరొచ్చి, 1925 నాటికి అదే కంపెనీ పేరు కూడా అయిపోయింది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు హిందీవాళ్ళు ఛోటా హాథీ అన్నారు, అరవంలో కుట్టి యానై, రెండూ చిన్న ఏనుగులే. జంగిల్ జంక్షన్ అని డిస్నీవాళ్ళది ఇంకో పిల్లల కార్యక్రమం 2009లో వచ్చింది, అందులో ఎల్లీవ్యాన్ అని ఒక ఏనుగు ఉంటుంది, పాదాల బదులు చక్రాలు, పేరులోనే వ్యాను. మా వీధిలోకి కూరగాయలేసుకొచ్చే ఏస్ బండికి తొండం పెడితే అదే. మావాడికి అది రెండ్రోజులు చూపించాను, ‘ఇది చిన్నపిల్లలది’ అని తేల్చేశాడు.

ఇక్కడ ఇంకో తమాషా. మనం మట్టి తవ్వే ప్రతి పసుపు బండినీ జేసీబీ అంటాం కదా, అది జంతువు పేరు కాదు, మనిషి పేరు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అని ఇంగ్లండాయన 1945లో పెట్టిన కంపెనీ, ఆయన పేరులోని పొడి అక్షరాలవి. ప్రొక్లైన్ అనేది కూడా పోక్లేన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు మన నోళ్ళలో నలిగి తయారైందే.

సరే, సిరిమాను సంగతి చెప్పకపోతే విజయనగరంలో ఉండి దండగ. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పోయినసారి వీడిని భుజాల మీద ఎక్కించుకుని మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డాను, ఒక కాలు ఎవరిదో ఇంకో కాలు నాదో తెలియనంత జనం. ముందు తెల్ల ఏనుగు వచ్చింది. తెల్లటి ఏనుగు బొమ్మ, కింద చక్రాలు, లాక్కుంటూ తీసుకొస్తారు. వీడు నా జుట్టు పట్టుకుని గుంజేశాడు. ‘నాన్నా ట్రక్స్! ట్రక్స్!’ పక్కనున్న పెద్దాయన ‘అమ్మోరి ఏనుగు బావూ, దణ్ణం పెట్టుకో’ అన్నాడు. వీడు దణ్ణం పెట్టి మళ్ళీ ట్రక్స్ అన్నాడు. ఆ తర్వాత సిరిమాను. చింతచెట్టుని మొదలంటా తెచ్చి చెక్కిన మాను, దాన్ని నిలబెట్టడానికి ఇరుసుమాను వేరే, అదీ చింతే. మాను కొసన ఆసనం కట్టి పూజారిని కూర్చోబెడతారు, అంత ఎత్తున ఆయన విసనకర్రతో ఊగుతూ వస్తుంటే కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతారు, ఊళ్ళోని అమ్మవారి గుడి, అదే చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎప్పుడూ తట్టలేదు నాకు. వీడు పైకి చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నా చెవిలో మెల్లగా ‘స్కైయా’ అన్నాడు. నిజమే, క్రేనే అది. ఒక చెట్టు బండై, బండి మెడై, మెడ చివర మనిషి.

మెడ చివర మనిషి అంటే గుర్తొచ్చింది, డైనోట్రక్స్‌లో నన్ను మొదటి నుంచీ ఏదో కొరుకుతుండేది. ఏమిటో తెలియడానికి చాలా రోజులు పట్టింది. వాటికి క్యాబిన్లో ఎవరూ ఉండరు. ఎలా ఉంటారు, మనుషులే పుట్టలేదు కదా. కానీ ఆపరేటర్ లేని ప్రొక్లైన్‌ని నేను చూడలేకపోతున్నాను, నా కళ్ళు ఆ సీటునే వెతుకుతుంటాయి. దానికి కారణముంది.

2018 అక్టోబర్ 11, తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక. అంతకు నాలుగేళ్ళ ముందు విశాఖ మీద పడ్డ హుద్‌హుద్ ఒక పిట్ట పేరు. మామీదకి వచ్చేవన్నీ ఇంత అందమైన పేర్లతో ఎందుకొస్తాయో. ఆ రాత్రి నేను ఊళ్ళోనే ఉన్నాను, మా పెంకుటిల్లు నమ్మలేక ఎదురింటి శ్లాబింట్లో ముప్ఫై మందిమి కూర్చున్నాం. తెల్లారి బయటికొస్తే కొబ్బరితోటలు లేవు. చెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. కరెంటు స్తంభాలు ముక్కలు. ఊళ్ళోంచి రోడ్డెక్కడానికి దారి లేదు, చెట్టు మీద చెట్టు. గొడ్డళ్ళతో మనుషులు కొట్టుకుంటూ పోతే ఎన్నాళ్ళకి తేలాలి అది. మా నాన్న నాటిన చెట్ల మొదళ్ళ మీద కూర్చుని అమ్మ ఏమీ మాట్లాడలేదు ఆ రోజంతా.

మూడోరోజు సాయంత్రం జేసీబీ వచ్చింది. చప్పుడు ముందొచ్చింది, బండి తర్వాతొచ్చింది. ఊరంతా లేచి ఎదురెళ్ళింది, దేవుడి పల్లకీ వచ్చినట్టే. దాన్ని నడిపేవాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో, గోదావరి జిల్లాల కుర్రాడు, మాట వినగానే తెలిసిపోయింది. ముందు తొట్టితో మొద్దులు నెట్టడం, జాకీలు దింపి, సీటు వెనక్కి తిప్పుకుని వెనక చెయ్యితో మొదళ్ళు పెకలించడం, మళ్ళీ ముందుకి తిరగడం. చీకటి పడినా ఆపలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆ వెనక చెయ్యి మీద హైడ్రాలిక్ హోస్ పగిలింది. నూనె ఇంతెత్తున చిమ్మి అతని మొహం, చొక్కా అంతా తడిసిపోయింది. కొత్త పైపు ఇచ్ఛాపురం నుంచి రావాలి, వచ్చే మనిషికి దారి ఈ బండే వెయ్యాలి. మా పిన్నికొడుకూ ఇంకొకడూ చెట్ల మీదుగా ఎక్కుతూ దిగుతూ సగం దూరం నడిచి, తర్వాత ఎవరి బండో పట్టుకుని వెళ్ళి తెచ్చారు. అంతసేపూ ఆ అబ్బాయి బకెట్ నీడలో కూర్చుని దాని పళ్ళ సందుల్లో ఇరుక్కున్న కొబ్బరి పీచు పుల్లతో లాగుతున్నాడు, మనం కుక్కపిల్లకి గోమార్లు తీసినట్టు. అమ్మ చద్దన్నం, ఉల్లిపాయ తీసుకెళ్ళి పెట్టింది. తుఫాను తర్వాత ఆవిడ మాట్లాడిన మొదటి మాట అతనితోనే, ‘తిను బావూ, సల్లారిపోనాదేటి అనుకోకు, పొయ్యి నేదు’ అని.

పైపు వచ్చాక బిగించాడు. పొద్దున్నే లేచి ప్రతి పిన్నుకీ గ్రీజు కొట్టాడు, ఒక్కోచోట రెండు పంపులు. స్టార్ట్ చేసే ముందు దాని పక్కన చేత్తో రెండుసార్లు తట్టి ‘పదమ్మా’ అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. అతని పేరు అడగలేదు మేమెవరమూ. దారి పడగానే పక్క ఊరికి పిలిచారు, వెళ్ళిపోయాడు.

ఈ కథ మావాడికి ఈ వేసవిలోనే చెప్పాను, అదే చోట, ఇప్పుడక్కడ కొత్త కొబ్బరిమొక్కలు నా భుజం దాటాయి. వాడికి తుఫాను పెద్దగా పట్టలేదు, పైపు పగిలిన దగ్గర మాత్రం కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. దెబ్బ గట్టిగా తగిలిందా, ఏడ్చిందా, ఎవరు బాగుచేశారు. అన్నయ్య బాగుచేశాడురా, ఆ నడిపే అన్నయ్యే అన్నాను. డైనోట్రక్స్‌లో ఆ అన్నయ్య ఎక్కడా కనపడడేంట్రా అని అడిగాను, నిజంగానే, వాడేమంటాడో చూద్దామని. నన్ను జాలిగా చూశాడు.

‘ఉన్నాడు కదా నాన్నా. రెవిట్.’

నాకు ఏమనాలో తోచలేదు. పది పన్నెండు ఎపిసోడ్లు చూసినవాణ్ణి నేను, ఆ సీటు వెతుక్కుంటూనే ఉన్నాను. వాడేమో ఆ మనిషిని ఎప్పుడో బండి భుజం మీద కూర్చోబెట్టేశాడు, చేతిలో డ్రిల్లుతో.

మెకానిక్ షెడ్డు కుర్రాడికి ఈ గొడవంతా చెబితే పగలబడి నవ్వి, పళ్ళరిగిపోయిన పాత పానా ఒకటి వీడికివ్వమని నాకిచ్చాడు, పది పన్నెండు సైజుది. ఇప్పుడది వాడి దిండు పక్కన పడుకుంటోంది. రోజూ పొద్దున్న నేను స్కూటర్ తియ్యబోతే ముందు వాడు వచ్చి ఆ పానాతో చక్రం దగ్గర ఏదో రెండుసార్లు తిప్పినట్టు చేసి, పక్కన తట్టి, ‘పదమ్మా’ అంటాడు. రాళ్ళు పెట్టనని ఒట్టేశాడు కూడా. అయినా సైలెన్సర్‌కి ఓ గుడ్డముక్క కుక్కి, పెట్రోలు ట్యాంకు తాళం నా జేబులోనే పెట్టుకుంటున్నాను. నిన్న ఆ గుడ్డ తియ్యడం మర్చిపోయి పావుగంట కిక్కులు కొట్టాను.